అన్నం చల్లారిపోయే ఫోన్లు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మా ఇంట్లో కంచాలు పెట్టడం, మామయ్యగారి ఫోను మోగడం ఒకేసారి జరుగుతాయి. ఇది కాకతాళీయం కాదని నాకు పెళ్ళయిన రెండో ఏడే అర్థమైంది. పాత కార్లున్న వాళ్ళు వాటిని బయటికి తీసేది ఆదివారం పొద్దున్నే. రోడ్లు ఖాళీగా ఉంటాయి కదా. ఎక్కడో ఇడ్లీలు తిని, నాలుగు ఫోటోలు దిగి, పదకొండింటికి తిరుగుముఖం పడతారు. అప్పటికి ఎండ ముదురుతుంది. బండి దారిలో ఆగుతుంది. ఓ గంటసేపు బానెట్ ఎత్తి వాళ్ళే కుస్తీ పడతారు. ఇక లాభం లేదనుకున్నాక మామయ్యగారు గుర్తొస్తారు. సరిగ్గా అప్పుడే నేను పప్పుచారులో పోపు వేస్తుంటాను.

"ఆఁ, చెప్పు బాబూ. పెట్రోలు వాసన వస్తోందా? ముందు నుంచా, వెనక నుంచా?" అంటూ ఆయన కలుపుకున్న ముద్ద కంచంలోనే వదిలేసి బాల్కనీలోకి వెళ్ళిపోతారు. "ఆ కంచం మీద మూత పెట్టమ్మాయ్, అరగంట పని" అంటారు అత్తయ్యగారు, తల కూడా ఎత్తకుండా. ఆవిడకి నలభై ఏళ్ళ అనుభవం.

మా మామయ్యగారు మెకానిక్కు కాదు. విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు. 1981లో ఒక పాత ఫియట్ కొన్నారు, 1967 మోడల్, 1100డి. స్టీరింగ్ పక్కనే గేరు లివర్ ఉండే రకం. శ్రీనగర్ కాలనీలో ఇల్లు పోయి అపార్ట్‌మెంట్ వచ్చినా ఆ బండి మాత్రం పోలేదు, కింద స్తంభాల మధ్య గుడ్డ కప్పుకుని నిలబడి ఉంది. దాన్ని నడిపించుకోవడానికి పడ్డ పాట్లలోంచే ఆయనకి ఆ విద్య అబ్బింది. తను పడ్డ పాటు ఇంకొకరు పడకూడదని ఒకరికి చెప్పారు, వాళ్ళు ఇద్దరికి నంబరు ఇచ్చారు. అలా పాతిక ముప్ఫై మంది పాత ఫియట్లవాళ్ళకి ఆయన, ఎవరూ వేయని పీటమీద కూర్చున్న సలహాదారైపోయారు. పైసా తీసుకోరు. పెట్రోలు ఖర్చు ఇస్తామన్నా తీసుకోరు.

నేను చదివింది బి.ఏ. తెలుగు. కాబట్టి ఈ "ఉచిత సలహా" అనే మాట మీద నాకో పేచీ ఉంది. ఈ రోజుల్లో ఉచిత సలహా అంటే తిట్టు కింద లెక్క. "నీ ఉచిత సలహాలు నాకక్కర్లేదు" అంటాం. కానీ ఉచితం అంటే అసలు అర్థం తగినది అని. సముచితం, ఔచిత్యం అన్న మాటల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఊరికే వచ్చేది అన్న అర్థం తర్వాత అంటుకుంది. మామయ్యగారి సలహా ఊరికే వస్తోంది, నిజమే. అది తగినదేనా, తగిన చోటే ఇస్తున్నారా అన్నదే నేను ఇవాళ రాయాలనుకున్న సంగతి. ఎందుకంటే ఒకసారి అది తగని చోటికి వెళ్ళింది. ఆ కథ తర్వాత చెబుతాను.

ఇంగ్లండులో ఇది పద్ధతి ప్రకారం నడుస్తుంది. అక్కడ ఒక్కో కారుకి ఒక్కో క్లబ్బు. ఎంజీ కార్ క్లబ్బు 1930లో పెట్టారు, ఇంకా నడుస్తోంది. మోరిస్ మైనర్ వాళ్ళకి వేరే, మనకి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అనే బుల్లి కారు ఉండేది చూడండి, దాని అసలు తోబుట్టువు ట్రయంఫ్ హెరాల్డ్ వాళ్ళకి వేరే. ఇలాంటి క్లబ్బుల్లో చాలావాటికి సాంకేతిక సలహాదారులని ఉంటారు. జీతం లేని పదవి. ఏ మోడల్‌కి ఎవరిని అడగాలో, ఏ వేళల్లో ఫోను చేయొచ్చో క్లబ్బు పత్రికలో అచ్చు వేస్తారట. ఏ వేళల్లో అన్న ముక్క చదివినప్పుడు నాకు ఎంత అసూయ కలిగిందో చెప్పలేను.

మన దగ్గర అంత పట్టింపు లేదు. హైదరాబాదుకి పాత కార్ల వైభవం లేక కాదు. చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్, 1912 నాటిది, అద్దాల వెనక తళతళలాడుతూ ఉంటుంది. డెక్కన్ హెరిటేజ్ ఆటోమొబైల్ అసోసియేషన్ అని పాత బండ్లవాళ్ళ సంఘమూ ఉంది. అయితే మామయ్యగారి దగ్గరికొచ్చేవాళ్ళు రోల్స్ రాయిస్ వాళ్ళు కాదు. నాన్నగారి ఫియట్, తాతగారి అంబాసిడర్, అమ్మలేక ఉంచుకున్నవాళ్ళు. సంఘంలో చేరాలంటే మొహమాటపడతారు. ఫోను చేయడానికి మాత్రం మొహమాటపడరు.

అసలు ఫోనులో బండి రోగం ఎలా చెబుతారా అని నాకు మొదట్లో వింతగా ఉండేది. తర్వాత చూస్తే మా అమ్మ చేసే పనే అది. పెళ్ళయిన కొత్తలో నేను రాజమండ్రికి ఫోను చేసి "అమ్మా, పులిహోర ముద్దయిపోయింది" అంటే, "అన్నం ఆరబెట్టావా లేదా" అని ఒక్క ప్రశ్నలో తేల్చేసేది. మామయ్యగారూ అంతే. ఆయనకి ఒక వరస ఉంది. ముందు పెట్రోలు వస్తోందా, తర్వాత కరెంటు వస్తోందా, తర్వాత గాలి. ఆగినప్పుడు ఒక్కసారిగా ఆగిందా, దగ్గుతూ దగ్గుతూ ఆగిందా? ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు అనుమానం, దగ్గుతూ ఆగితే పెట్రోలు వైపు. అప్పుడు "ఫోను ఇంజను దగ్గర పెట్టు, సెల్ఫ్ కొట్టు" అంటారు. కళ్ళు మూసుకుని వింటారు. ఎమ్మెస్ పాట వింటున్నట్టే ఉంటుంది ఆ మొహం.

మన ఎండాకాలంలో వచ్చే ఫోన్లు సగం ఒకే జబ్బు. ఈ పాత బండ్లలో పెట్రోలు పంపు ఇంజను ఒంటికి అతుక్కుని ఉంటుంది. ఏప్రిల్లో మిట్టమధ్యాహ్నం సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగితే ఆ వేడికి పంపులో, గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు లాగాల్సింది ద్రవాన్ని, ఆవిరిని కాదు. బండి ఆగిపోతుంది. దీనికి మందు ఒక తడిగుడ్డ. పంపు మీద తడిగుడ్డ వేసి, ఓ పావుగంట నీడలో కూర్చుని, మజ్జిగ తాగి, మళ్ళీ సెల్ఫ్ కొట్టడమే. ఎన్నో చున్నీలు, కర్చీఫులు ఆ రకంగా ఇంజను సేవలో తరించాయి. నావి రెండు.

ఈ మధ్య కొత్త బెంగ మొదలైంది. పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం కలుపుతున్నారు కదా, 2025 నుంచి దేశమంతా అదే. పాత బండ్లలో రబ్బరు గొట్టాలూ, పంపు లోపల పొరలూ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మెత్తబడి చీలతాయి. పైగా ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. "గొట్టాలన్నీ మార్పించు, ట్యాంకు నింపి మూడు నెలలు పక్కన పెట్టకు, వారానికోసారి తిప్పు" అని రోజుకొకరికి చెబుతున్నారు. 2000లో సీసం లేని పెట్రోలు వచ్చినప్పుడూ ఇలాగే గగ్గోలు పెట్టారట. పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే చోట అరుగుదల రాకుండా కాపాడేది ఆ సీసమేనట. అప్పుడు ఆ చోట గట్టి రింగులు వేయించుకుని బతికారు, ఇప్పుడూ ఏదో చేసి బతుకుతారు అంటారాయన.

సర్కారు రూలు గురించి కూడా మామయ్యగారినే అడుగుతారు. 2021లో కేంద్రం పాత బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటిసారి రిజిస్టరై యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడగొట్టకుండా ఉంచితే, నంబరు పలకలో "వీఏ" అనే అక్షరాలు ఇస్తారు. ఇరవై వేలు ఫీజు, పదేళ్ళు చెల్లుతుంది. బాగానే ఉంది కానీ, ఆ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలుకో తప్ప రోజువారీ తిరుగుళ్ళకి వాడకూడదు. మామయ్యగారు అందుకే తీసుకోలేదు. "ఎల్లారెడ్డిగూడలో వంకాయలు కొనడానికి వెళ్ళకూడని కారు నాకెందుకమ్మాయ్" అన్నారు. ఆయన తిరగబడ్డది నాకు తెలిసి ఆ ఒక్క విషయంలోనే.

ఇక సినిమావాళ్ళు. మా కాలనీలో ఏ సందు తిరిగినా రెండో అంతస్తులో ఒక సినిమా ఆఫీసు ఉంటుంది. కృష్ణానగర్ నుంచి కళాదర్శకుల దగ్గర పనిచేసే కుర్రాళ్ళు వస్తారు, పాపం మంచి పిల్లలే. "సార్, 1955లో జరిగే సీను, అంబాసిడర్ పెట్టామండీ" అంటారు. మామయ్యగారు తల పట్టుకుంటారు. అంబాసిడర్ వచ్చిందే 1957 తర్వాత. 1955 అంటే ల్యాండ్‌మాస్టర్ పెట్టాలి, లేకపోతే బేబీ హిందూస్థాన్. పద్మిని అన్న పేరు 1970ల్లో వచ్చింది, అంతకుముందు అదే కారు ఫియట్టే. ఇవన్నీ ఓపిగ్గా కాగితం మీద రాసిస్తారు. కారు అద్దెకిచ్చిన ఓనరుకి రోజుకింత అని ముడుతుంది. కారుని తుడిచినవాడికి ముడుతుంది. ఏ ఏడాదికి ఏ కారో చెప్పిన మనిషికి మాత్రం నేను పెట్టిన టీ, ఆ టీ కూడా మా ఇంటిదే! తీరా సినిమా వచ్చాక చూస్తే చాలాసార్లు అంబాసిడరే ఉంటుంది. డైరెక్టరుగారికి ఆ రంగు నచ్చిందట.

ఇంతవరకూ చదివి మీరు, ఈవిడ మామగారి గొప్పలు చెబుతోందనుకుంటున్నారేమో. ఇప్పుడు ఆ రెండో కథ.

రెండేళ్ళ క్రితం మాట. ఒక కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వాళ్ళ తాతగారి పద్మినిని పదేళ్ళ తర్వాత బయటికి తీశాడు. గురువారం రాత్రి ఫోను చేశాడు. బ్రేకు పెడల్ లోపలికి పోతోంది, రెండుసార్లు కొడితే పడుతోంది అన్నాడు. మామయ్యగారు "ఫ్లూయిడ్ తగ్గిందేమో చూసి పోయి, గాలి తీయించు, నాలుగు చక్రాల వెనకా తడి ఉందేమో మెకానిక్కు చేత చూపించు" అన్నారు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను, విన్నాను. ఆ కుర్రాడు మొదటిది చేశాడు. ఫ్లూయిడ్ పోశాడు. పెడల్ కాస్త గట్టిపడింది. బాగయిపోయిందనుకున్నాడు. మిగతావి చేయలేదు.

ఆదివారం వాళ్ళమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఫిల్మ్‌నగర్ వైపు నుంచి దిగుతున్నాడు. ఆ దిగుడు మీకు తెలుసుగా. పెడల్ నేలకి తగిలింది, బ్రేకు పడలేదు. ఆ బండ్లలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే గొట్టాల దారి. ఇప్పటి కార్లలోలాగా ఒక సగం పోతే ఇంకో సగం కాపాడే ఏర్పాటు లేదు. వెనక చక్రం దగ్గర కారిపోయింది, మొత్తం పోయింది. వాడు గేరు దించి, ఎవరినీ గుద్దకుండా ఒక ప్రహరీగోడకి ఆనించాడు. అందుకు వాడిని మెచ్చుకోవాలి. కానీ సీటు బెల్టులు లేని కారు. వాళ్ళమ్మగారికి మణికట్టు విరిగింది, నుదుటి మీద కుట్లు పడ్డాయి.

సాయంత్రం వాళ్ళ నాన్నగారు ఫోను చేశారు. అరవలేదు. "మీరు చెప్పినట్టే చేశాడండీ మావాడు" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

మామయ్యగారు ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చారు. ఇంటికొచ్చి ఫోను ఆపేసి బీరువాలో పెట్టారు. పదకొండు వారాలు. ఆ పదకొండు ఆదివారాలూ మేము పొగలు కక్కే అన్నం, అందరం కలిసి, ఒకే వేళకి తిన్నాం. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది అదే. మొదటి రెండు వారాలు బాగుంది, అబద్ధం ఎందుకు. తర్వాత ఆయన మజ్జిగ దాకా రాకుండానే లేచిపోవడం మొదలుపెట్టారు. కింద బండి మీద గుడ్డ తీయడం మానేశారు. ఒకరోజు అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చి, "ఆ ఫోను మోగినా బాగుండును" అని మెల్లగా అన్నారు.

తప్పెవరిది అని ఇంట్లో పెద్ద వాదన. తప్పు ఆ కుర్రాడిదే, చెప్పింది సగం చేశాడు అని నేను. మావారు ఒప్పుకోలేదు. "నాన్న మూడు పనులు చెప్పారు, మూడింటిలో ఏది చేయకపోతే ప్రాణం మీదికొస్తుందో చెప్పలేదు. వినేవాడికి తెలీదు కదా. బండి కదపకు అన్నది మొట్టమొదటి మాట కావాలి" అన్నారు. ఆయన మీద కోపం వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఆలోచిస్తే ఆయనన్నదే నిజం. మా అమ్మ పులిహోర సలహా తప్పయితే పులిహోర పోతుంది. బ్రేకు సలహా అలాంటిది కాదు.

విదేశీ క్లబ్బుల్లో చాలాచోట్ల ఒక వాక్యం రాసి పెట్టుకుంటారు, ఈ సలహా సదుద్దేశంతో ఇచ్చింది, బాధ్యత మాత్రం బండి ఓనరుదే అని. మనమూ రాసుకోవాలి అంటారు కొందరు. రాసుకోండి, వద్దనను. కానీ ఆ వాక్యం కోర్టుకి పనికొస్తుందేమో గానీ, బీరువాలో ఫోను పెట్టుకున్న మనిషికి పనికిరాదు. నా అభిప్రాయం ఏమిటంటే, సలహాదారు ముందు నేర్చుకోవాల్సింది ఏ ప్రశ్నకి ఫోనులో జవాబు చెప్పకూడదో. బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు కారడం. ఈ మూడింటికీ ఒకటే జవాబు ఉండాలి. బండి కదపకు, మనిషిని పిలిపించు. ఎంత తెలిసినవాడికైనా అంతే. తెలిసినవాడికే ఇది కష్టం కూడా. జవాబు నాలుక చివర ఉంటుంది కదా!

ఆయన్ని మళ్ళీ మనుషుల్లోకి తెచ్చింది మేమెవరమూ కాదు. యూసుఫ్‌గూడ వైపు చిన్న షెడ్డులో పనిచేసే ఒక ఉస్తాద్. మామయ్యగారికి అసలు గురువు ఆయనే. డెబ్బై దాటాయి, చూపు తగ్గింది, చేతులు మాత్రం ఇంకా పనిచేస్తాయి. ఒక సాయంత్రం ఉస్మానియా బిస్కెట్ల పొట్లంతో వచ్చారు. యాక్సిడెంటు మాటే ఎత్తలేదు. "సాబ్, ఒక 1100 వచ్చింది, డెల్కో లోపల ఏదో తేడాగా ఉంది, నా కళ్ళకి ఆనడం లేదు, మీరొచ్చి చూడాలి" అన్నారు. డెల్కో అంటే స్పార్కు పంచే డబ్బా, మెకానిక్కులంతా అలాగే అంటారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర మాత్రం, తను కుర్రతనంలో ఒక బండి చక్రం నట్లు బిగించడం మరిచి పంపించేసిన సంగతి చెప్పారు. అంతే, ఇంకేమీ అనలేదు. మర్నాడు మామయ్యగారు షెడ్డుకి వెళ్ళారు.

ఈ ఉస్తాద్ గురించి చెప్పకుండా ఈ విషయం రాస్తే అన్యాయం అవుతుంది. పాత కార్ల ప్రదర్శనలకి నేను నాలుగైదుసార్లు వెళ్ళాను. మెరిసే కార్లు, తలపాగాలు, టోపీలు, వేదిక మీద శాలువాలు. ఓనరుకి శాలువా, ముఖ్య అతిథికి శాలువా. ఆ కార్లని బతికించిన ఉస్తాదులు ఎక్కడో వెనక, పానా చేత్తో పట్టుకుని, ఏ బండి మొరాయిస్తుందోనని కాచుకుని నిలబడి ఉంటారు. రాణిగంజ్‌లో దొరకని విడిభాగాన్ని చెన్నై పుదుపేటలోనో, ఢిల్లీ మాయాపురిలోనో వెతికించి తెప్పించి, అదీ దొరక్కపోతే లేతు మీద కొత్తది కోయించి బిగించేది వాళ్ళు. వాళ్ళ పిల్లలు ఈ పనిలోకి రారు. ఈ ఉస్తాద్ కొడుకు షోరూములో కంప్యూటరు తగిలించి బండి తప్పు చదివే ఉద్యోగం చేస్తున్నాడు. వాడిని తప్పు పట్టేందుకేమీ లేదు. నెలనెలా జీతం వస్తుంది.

ఇక్కడ మా మామయ్యగారిలాంటి వాళ్ళ వల్ల ఒక చెరుపు కూడా జరుగుతోందని నాకనిపిస్తుంది. ఆయన ముందు ఈ మాట అనేశాను కూడా. లక్షలు పెట్టి రంగులు వేయించుకున్న పెద్దమనిషి, ఈయన దగ్గర ఊరికే సలహా తీసుకుని, ఉస్తాద్ దగ్గరికెళ్ళి "సార్ ఇలా చెప్పారు, ఇంత చిన్న పనికి ఐదు వందలు ఎక్కువడుగుతావా" అని బేరమాడతాడు. అంటే ఈయన దానం చేసిన తెలివి, ఆయన కూలి మీద కోతగా మారుతోంది. "నువ్వన్నది నాకు తట్టలేదమ్మాయ్" అన్నారు మామయ్యగారు, చాలాసేపటి తర్వాత. ఇప్పుడు ఆయన ముందు ఉస్తాద్‌కి ఫోను చేసి మాట్లాడతారు, తర్వాతే ఓనరుకి చెబుతారు. కూలి గురించి బేరమాడినట్టు తెలిస్తే ఆ ఓనరు ఫోను ఇక ఎత్తరు. ఇద్దరి ఫోన్లు అలా ఆగిపోయాయి. వాళ్ళకి కోపం కూడా వచ్చిందట. రానివ్వండి.

నోటు పుస్తకం పని నాది. ఉస్తాద్ చూపు, మామయ్యగారి వయసు రెండూ చూసి భయమేసి మొదలుపెట్టాను. ఆదివారం సాయంత్రాలు ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగి రాస్తున్నాను. మొదట నేను పుస్తకాల తెలుగులో రాయబోయాను. దహనం, జ్వలనం అంటూ. ఉస్తాద్ పగలబడి నవ్వారు. వాళ్ళ భాషే వేరు. బండి మిస్సింగ్ కొడుతోంది, దమ్ము లేదు, పికప్ రావడం లేదు, ఎత్తు ఎక్కేటప్పుడు ఉసూరుమంటోంది, టప్పెట్లు వాగుతున్నాయి. టప్పెట్లు వాగడం! ఇంతకన్నా మంచి తెలుగు నేను ఏ క్లాసులోనూ వినలేదు. కాబట్టి వాళ్ళన్నట్టే రాస్తున్నాను. ఏ చప్పుడికి ఏ రోగం, ఏ వాసనకి ఏ రోగం. ఏ భాగం బదులు ఏ బండిది సరిపోతుంది, ఏది సరిపోయినట్టే ఉండి కొంప ముంచుతుంది. నూట నలభై పేజీలు అయ్యాయి. ఎర్ర ఇంకుతో రాసిన పేజీలు మూడే, బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు కారడం. ఆ పేజీల్లో ఏమీ లేదు, పైన చెప్పిన ఆ ఒక్క వాక్యం తప్ప.

రాస్తుంటే నాకు తెలిసిన ఇంకో సంగతి, సలహా అడిగినవాళ్ళలో తర్వాత ఏమైందో చెప్పేవాళ్ళు చాలా తక్కువ. బండి నడిచిందా, సలహా తప్పయిందా, వేరే ఏదో కారణమని తేలిందా? తెలిస్తేనే కదా పుస్తకంలో రాసేది. బండి స్టార్టు అవగానే మనిషి మాయం. మూడు నెలల తర్వాత ఇంకో రోగంతో "నమస్తే అంకుల్" అంటూ ప్రత్యక్షం. డబ్బివ్వొద్దు, శాలువా వద్దు, తిరిగి ఒక్క ఫోను చేయండి చాలు. అదీ మూడు తర్వాత చేయండి, మధ్యాహ్నం నిద్ర లేచాక.

అలా తిరిగి ఫోను చేసినవాళ్ళలో ఆ కుర్రాడు ఒకడు. ఆర్నెల్లకి చేశాడు. బ్రేకులన్నీ ఉస్తాద్ దగ్గరే కొత్తగా చేయించాడట, ముందు సీట్లకి బెల్టులు కూడా పెట్టించాడట. వాళ్ళమ్మగారు మాత్రం ఇంకా ఆ కారెక్కడం లేదు. "ఎక్కమని అడక్కు, ఆవిడంతట ఆవిడ ఎక్కాలి" అన్నారు మామయ్యగారు. అది కూడా రాయమంటారా అని అడిగితే, వద్దన్నారు. నేను రాశాను.

మొన్న ఆదివారం మళ్ళీ ఒంటిగంటన్నర. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ, వేడి అన్నం. ఫోను మోగింది. ఆయన లేవబోతే నేనే ఎత్తాను. ఎవరో అమ్మాయి, ఈసీఐఎల్ దారిలో ఆగిపోయిందట, వాళ్ళ నాన్నగారి ఫియట్. "బ్రేకులు సరిగ్గానే ఉన్నాయా? పెట్రోలు ఎక్కడైనా కారుతోందా?" అని మొదట అడిగాను. లేదంది. ఒక్కసారిగా ఆగిందా, దగ్గుతూ ఆగిందా అని అడిగాను. దగ్గుతూనేనంది. "దగ్గర్లో నీళ్ళ సీసా ఉందా, చున్నీ ఉందా" అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. "అంకుల్ ఉన్నారా అండీ" అని అనుమానంగా అడిగింది.

మామయ్యగారు ముద్ద నోట్లో పెట్టుకుని, మాట్లాడలేక, ఎడమచేత్తో సైగ చేస్తున్నారు. చోక్ లాగి ఉంచిందేమో అడగమని.